మిషనుకు పరామర్శ

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, రాజపాళయం నూలు మిల్లులో, లక్ష్మణన్ కుడిచేతి రెండు వేళ్లను పత్తి ఏకే కార్డింగ్ మిషను మింగింది. మర్నాడే మిల్లువాళ్లు కదిలారు. పూజారిని పిలిపించారు. గుమ్మడికాయ పగిలింది, నిమ్మకాయలు నలిగాయి. పాపం, మిషను ఎంత బెదిరిపోయిందో ఏమో! దానికి పసుపు కుంకుమలు పూసి, ఇంత లావు చేమంతి మాల వేసి, మేనేజర్ జగన్నాథ రాజా స్వయంగా దండం పెట్టాడు. మూడో రోజుకల్లా మిషను కోలుకుని పనిలో చేరింది.

లక్ష్మణన్ చేరలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినవాడు చేతిని తుండుగుడ్డలో దాచుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గాయం మానింది గాని మనిషి ఇటు తిరగలేదు. నెల దాటితే ఆ చోట వేరే మనిషిని వేసుకుంటామని మిల్లు నుంచి కబురొచ్చింది. అక్కడినుంచి వచ్చిన పలకరింపు అదొక్కటే.

పలకరించడానికి చుట్టాలు లేకపోలేదు. సేత్తూరు నుంచి మేనత్త వెళ్ళత్తాయి అరటిపళ్లతో దిగి ధైర్యం చెప్పింది.

"దిగులుపడొద్దప్పా. సత్రపట్టిలో ఒకడికి ఇట్లే చెయ్యి పోయింది. ఆర్నెల్లు గమ్మున కూర్చున్నాడు, ఆమీద చచ్చిపోయినాడు. నీకి దేవుడుండాడు."

ఆ ధైర్యానికి లక్ష్మణన్ రెండు పూటలు అన్నం ముట్టలేదు. అతని భార్య బొమ్మక్క ఆవిడకు బస్సు వేళ గుర్తు చేసింది.

బొమ్మక్కకు లోపల భయం పట్టుకుంది. ఇదివరకు అతను పనినుంచి వస్తూనే పత్తినీ, మేస్త్రీనీ, మేనేజర్నీ కలిపి గంటసేపు తిట్టేవాడు. చెవులు చిల్లులు పడుతున్నాయని ఆమె విసుక్కునేది. ఇప్పుడు ఒక్క తిట్టు వినిపిస్తే చాలుననిపిస్తోంది. నెలకు ఇంకా నాలుగు రోజులుందనగా ఆమె మిల్లు గేటు దగ్గరికి వెళ్లి మేస్త్రీ పెరియసామిని ఆపింది.

"ఏం అన్నా, మిషను సౌక్యమా?"

"ఏ మిషనమ్మా?"

"అదే, మా ఆయన వేళ్లు తిన్నదే. దానికి పూసై చేసినారు, మాల వేసినారు, మేనేజరే వచ్చి కుంబిడినాడు. మా ఆయన మొగం చూసేకి ఒక్కడన్నా వచ్చినాడా? ఇనుముకుండే గతి మనిషికి లేదా అన్నా?"

పెరియసామి తల దించుకున్నాడు. "ఆ పొద్దు పక్కనే నిలబడుకోని చూసినోణ్ణి. ఏ మొగం పెట్టుకోని వచ్చేది? వచ్చి ఏం చెప్పేది?"

"సత్రపట్టి కత తప్ప ఏమన్నా చెప్పు."

సాయంత్రం పెరియసామి ఇంటికి వచ్చాడు. కూర్చుని నేల గీకుతూ తనకు తెలిసిన ఒక్క సంగతీ ఎత్తాడు.

"లక్ష్మణా, నీ మిషనులో దూది ఉండలుండలుగా వస్తాండాదిరా. నీ బదులు నిలబెట్టిన రామన్‌కి పని పట్టుబడలా. రేపు వచ్చి ఒక్క గంట చూడు. చెయ్యి పెట్టొద్దు. నేను పక్కనే ఉంటాను."

గోడవైపు నుంచి మాట వచ్చింది. "ఉండలు ఎంత లావు?"

మర్నాడు బొమ్మక్కే చొక్కా గుండీలు పెట్టి పంపింది. మధ్యాహ్నం సాపాటు క్యారియర్‌తో గేటు దగ్గర నిలబడింది. పెరియసామి మొహం మాడ్చుకుని వచ్చాడు.

"నీ మగడు నలుగురి ముందర నన్ను తిట్టినాడమ్మా."

"ఏమైంది?"

"మిషనుకేసిన మాల ఎండిపోయి అట్లే వేలాడుతాండాది. మేనేజర్ వేసిన మాల, తీసేకి మాకెంత ధైర్యం? నీ మగడు లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడినాడు. దూరం నుంచే ఆ మాల చూసినాడు. చరచరా పోయి, మిషను ఆపమని, మాలను పెరికి నా మొగాన కొట్టినాడు. 'ఎండు రేకులు పత్తిలో రాలితే ఉండలు రాక ముత్యాలొస్తాయా, మడయా' అన్నాడు."

"ఏ చేత్తో పెరికినాడు?"

"ఆ చేత్తోనే."

బొమ్మక్క నవ్వబోయి ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని క్యారియర్ అతని చేతికిచ్చింది.

"అన్నా, ఇంకొక మాటు చెప్పు. ఏమని తిట్టినాడు?"