నీళ్లొస్తున్నాయి, లేవండి

ఆటో పైకప్పు మీద గొట్టం మైకును తాడుతో బిగించి, ముడి ఆగుతుందో లేదో ఒకసారి ఊపి చూసుకుని, మైకాయన వార్డు ఆఫీసు గుమాస్తా ఇచ్చిన కాగితం విప్పాడు. "లోతట్టు ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా విజ్ఞప్తి" అని ఉంది అందులో. అప్రమత్తంగా ఉండమంటే ఎవరూ కుర్చీలోంచి లేవరని ఆయనకు నలభై ఏళ్ల అనుభవం మీద తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో మైకూ పట్టుకుని, ఏటిగట్టు వీధుల్లోకి ఆటో పోనిచ్చాడు.

"నీళ్లొస్తున్నాయి, లేవండి. పైన రిజర్వాయరు గేట్లన్నీ ఎత్తేశారు. సాయంత్రం నాలుగింటికల్లా ఏరు మన గుమ్మాల్లో ఉంటుంది. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని మిట్ట మీది బడికి వెళ్లండి."

ఆకాశంలో మబ్బు తునక లేదు. పిట్టగోడల మీద ఆరేసిన దుప్పట్లు అప్పుడే ఫెళఫెళలాడుతున్నాయి. ఇంత ఎండలో నీళ్ల మాట చెప్పడం ఆయనకే వింతగా ఉంది.

ఊరందరికీ ఆయన గొంతు తెలుసు, మొహం తెలిసినవాళ్లు తక్కువ. పద్నాలుగో ఏట సర్కస్ వాళ్ల రిక్షాలో కూర్చుని, పులి వచ్చిందని చెప్పడంతో మొదలైంది. తర్వాత దుప్పట్ల సేల్, తప్పిపోయిన పిల్లలు, కుళాయిలు రాని రోజులు. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీ, మధ్యాహ్నం ఇంకో పార్టీ. ఎవరు గెలిచినా గెలిపించింది తనేనని నవ్వేవాడు. మనిషి సన్నగా, మెడ నరాలు బయటికి కనబడుతూ ఉంటాడు. మైకు లేకుండా మాట్లాడితే పక్కనున్నవాళ్లు చెవి దగ్గరికి తేవాల్సిందే. "మాటలన్నీ వీధుల్లో ఒలకబోసొచ్చి ఇంట్లో మౌనవ్రతం పడతారు" అని భార్య దెప్పేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. దెప్పేవాళ్లు కూడా లేని ఇంట్లో, ఒక్కోరోజు పొయ్యి చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

మొదటి వీధి మలుపులో కటింగ్ షాపు ముందు బల్ల మీద కూర్చున్నవాళ్లు చెయ్యి ఊపి ఆటో ఆపారు. ఈసారైనా నిజంగా నీళ్లొస్తాయా, పోయినేడులాగా ఉత్త వ్యాయామమేనా అని అడిగారు. నీళ్లతోపాటు దుప్పట్ల సేల్ కూడా ఉందా అని ఒకడన్నాడు. అందరూ నవ్వారు. మైకాయన కూడా నవ్వి, మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

వాళ్లనడంలో తప్పు లేదు. పోయినేడు ఇలాగే చెప్పాడు. జనం మూటాముల్లె సర్దుకుని బడిలో రెండు రోజులు దోమల మధ్య పడుకున్నారు. ఏరు గట్టు అంచుదాకా వచ్చి వెనక్కి పోయింది. తిరిగొచ్చి చూస్తే పదకొండు ఇళ్ల తాళాలు పగిలి ఉన్నాయి. అందులో ఒకటి ఆయన అక్క ఇల్లు. ఆమె కుట్టుమిషన్ పోయింది. దాని గురించి అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఏడాదిగా ఆయనకు గుండెల్లో గుచ్చుకుంటోంది.

మధ్యాహ్నానికి నాలుగు వీధులూ మూడు చుట్లు తిరిగాడు. సగం ఇళ్లు కదిలాయి. నెత్తిన గ్యాసు పొయ్యిలతో, చంకన పిల్లలతో జనం మిట్ట ఎక్కుతున్నారు. మూడో వీధిలో అక్క తలుపు మాత్రం తెరిచే ఉంది. ఆటో ఆపి లోపలికి తొంగి చూశాడు. రోడ్డుకంటే రెండు మెట్లు కిందికి ఉండే ఒంటి గది అది. తర్వాత ఎక్కడో సంపాదించిన పాత మిషన్ ముందు కూర్చుని, అక్క స్కూలు యూనిఫాం చేతులు కుడుతోంది.

"విన్నాన్లేరా," అంది తలెత్తకుండా. "మూడుసార్లూ విన్నా. గొంతు బొంగురుపోయింది నీకు."

ఆయన గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. ఆమె కుడుతూనే జవాబు చెప్పింది. పోయినసారి మాట విన్నందుకు జరిగింది చాలంది. మరీ అంతగా వస్తే మేడ మీదివాళ్లింట్లో కూర్చుంటానంది. మేడ మీదివాళ్లు పొద్దున్నే వెళ్లిపోయారని చెప్పాడు. అయినా ఆమె పాదం తొక్కడం ఆపలేదు.

"అక్కా," అన్నాడు. "ఈసారి నాకు భయంగా ఉంది."

మిషన్ ఆగింది. అమ్మ పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్లు, ఆమెకు పద్నాలుగు. ఆ రాత్రి కూడా వాడు భయమనలేదు. తర్వాత ఎన్నడూ అనలేదు. అక్క కళ్లజోడు తీసి తమ్ముడి మొహంకేసి చూసింది.

"మరి ఇదో?" అంది మిషన్ మీద చెయ్యి వేసి.

"ఇదీ వస్తుంది."

ఆటోలోంచి పానా తెచ్చి, బల్ల నుంచి మిషన్ పైభాగం ఊడదీశాడు. దుప్పట్లో చుట్టి, వెనక సీట్లో కూర్చున్న అక్క ఒళ్లో పెట్టాడు. కుట్టడం పూర్తికాని యూనిఫాంలు కూడా ఆమె సంచిలో కుక్కుకుంది. ఎవరి పిల్లలవో, సోమవారానికి కావాలన్నారని చెప్పింది.

బడికి చేరేసరికి మూడు దాటింది. పడమట మబ్బులు కమ్ముకొచ్చి ఒక్కసారిగా వాన దిగింది. అక్క నల్లబల్ల కింద చోటు చూసుకుని, చాప పరిచి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే కళ్లతో లెక్కపెట్టుకుంది.

"చివరింటి చెవిటాయన వచ్చాడా?" అని అడిగింది.

ఎవరూ చూడలేదు. నాలుగో వీధి చివర ఒంటరిగా ఉంటూ గడియారాలు బాగుచేసే ముసలాయన. పిడుగు పడినా వినపడదు. ఈ ఊళ్లో మైకాయన పోరు లేని అదృష్టవంతుడు ఆయనొక్కడేనని అందరూ నవ్వుకునేవాళ్లు. ఇప్పుడెవరూ నవ్వలేదు. పడవ వాళ్లకు కబురు చేశానని, అరగంటలో చూస్తారని గుమాస్తా అన్నాడు. మైకాయన అప్పటికే ఆటో తాళం జేబులోంచి తీశాడు.

"నువ్వెందుకురా? వాళ్లు చూస్తామంటున్నారుగా," అంది అక్క.

"ఆయనకి నా గొంతు చేరదు కదక్కా. తలుపు కొట్టాలి. పది నిమిషాలు."

కిటికీలోంచి ఆమెకు ఆటో కనబడలేదు గానీ గొంతు వినబడుతూనే ఉంది. ఖాళీ వీధుల్లో కూడా చెబుతూనే పోతున్నాడు, ఏ మూలో ఎవరన్నా మిగిలిపోయి ఉంటే వింటారని కాబోలు. మొదటి వీధి దాటింది. మూడో వీధి దాటింది. "మిట్ట మీది బడికి వెళ్లండి" అన్నాక ఆగింది. కాసేపు వాన చప్పుడే. బ్యాటరీ తడిసి ఉంటుందని ఎవరో అన్నారు.

"గొంతు పట్టేసి ఉంటుంది," అంది అక్క.

వరండాలో టీ కాస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక గ్లాసు వేన్నీళ్లు అడిగి, అందులో చిటికెడు ఉప్పు వేయించుకుంది. మూత పెట్టి తెచ్చి కిటికీ గూట్లో ఉంచింది. చాప మీద కూర్చుని యూనిఫాం చేతికి గుండీ కుట్టడం మొదలుపెట్టింది.

నాలుగు కాకముందే ఏరు వచ్చింది. పెద్ద చప్పుడేమీ లేదు, నేల మీద బస్తాలు ఈడుస్తున్నట్టు ఉంది. మిట్ట మీంచి చూస్తే, కింద నాలుగు వీధులూ ఎర్రటి నీళ్లలో కిటికీల ఎత్తుదాకా మునిగి, ఏది ఏ వీధో తెలీకుండా పోయాయి.

తెల్లారాక పడవ వాళ్లు వచ్చి అక్కతో చెప్పారు. నాలుగో వీధి చివర ఆటో గోడకు ఆనుకుని పడి ఉందట. ఆయన చివరింటి గుమ్మం పక్కన, కూలిన ప్రహరీ కింద ఉన్నాడట. ఆ ఇంటి తలుపుకు తాళం వేసి ఉంది.

పదిగంటలకు చెవిటాయన బడికి వచ్చాడు, చేతిలో సంచితో. నిన్న పొద్దున వీధివాళ్లు మూటలు కట్టుకోవడం చూసి, దొరికిన మొదటి బస్సుకే ఊరి అవతల కూతురింటికి వెళ్లిపోయాడు. ఎవరికైనా చెప్పి వెళ్దామనుకున్నాడు గానీ, ఆ హడావుడిలో ఆయన సైగలు చూసే తీరిక ఎవరికుంది? సంగతి తెలిసి అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు గాల్లోకి లేచి, ఏమీ చెప్పలేక ఆగిపోయాయి. అక్క ఆయనకేసి చాలాసేపు చూసింది. తర్వాత కొంచెం పక్కకు జరిగి, చాప మీద చోటిచ్చింది.

గుమాస్తా కాగితాలు పట్టుకొచ్చాడు. పేరు దగ్గర ఆగి, మైకాయన అని తప్ప తనకు తెలీదన్నాడు. అక్క చెప్పింది. సరిగా వినపడక ఇంకోసారి అడిగి, రాసుకున్నాడు.

గది ఊడ్చడానికి వచ్చినామె కిటికీ గూట్లో గ్లాసు తియ్యబోయి, ఇదెవరిదని అడిగింది. మూత చూసి, ఎవరికోసమో ఉంచారనుకుని ఎక్కడిదక్కడే పెట్టేసింది. మూత తీయని ఆ గ్లాసు చుట్టూ వానజల్లు తడి అప్పుడప్పుడే ఆరుతోంది.