లోపల ఒకరు

ఆ వరుసను నేను మొదటిసారి తుడిచేసింది సోమవారం పొద్దున పదింటికి. పదీ పదికి అది మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంకోసారి తుడిచాను. మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నానికి పదకొండుసార్లయింది. అప్పటికి నాకు అది కంప్యూటర్‌లోని వరుసలా కాక, గడప దగ్గర కూర్చుని లేవనని మొండికేసిన మనిషిలా కనిపించసాగింది.

నేను కరీంనగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటాబేస్ పని చూస్తాను. ఆసిఫాబాద్ అవతల మూడు బొగ్గు గనులు నడిపే ఒక ప్రైవేటు సంస్థ మాకు కస్టమర్. అక్కడ గనిని బాయి అంటారు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ లాంప్ రూం దగ్గర టోపీ దీపం తీసుకుని, కార్డు చూపిస్తాడు. అతని పేరు మీద 'లోపల' అని ఒక వరుస పడుతుంది. పైకొచ్చి మళ్ళీ చూపిస్తే అది 'బయట' అవుతుంది. లోపల ఎందరున్నారో లాంప్ రూం గోడ మీది బోర్డు షిఫ్టుల వారీగా చూపిస్తుంది. తమ షిఫ్టు అంకె సున్నా అయితే తప్ప ఆ షిఫ్టువాళ్ళు ఇంటికి కదలరు.

ఎనిమిదేళ్ళ రాకపోకలు, కోట్ల వరుసలు. అన్నీ తొమ్మిది మెషీన్లలో పరిచి ఉంటాయి. ఆరు కరీంనగర్‌లో, బాయికొకటి చొప్పున మూడు అక్కడ. ఒకదానిలో ఉన్న వరుస ఇంకో రెండింటిలో కూడా ఉంటుంది, ఒకటి చెడినా మిగతావి కాపాడతాయని. ఆ ఏర్పాటు నాదే. దాని గురించి కాస్త ఎక్కువే మురిసిపోయేదాన్ని.

ఆ పాడు వరుస పుట్టింది రెండో నంబరు బాయిలో. కార్డు చూపించే క్షణంలో కరెంటు పోయింది, సగం రాసిన వరుస అలాగే ఉండిపోయింది. పేరుండాల్సిన చోట చెత్త గుర్తులు. టైమ్ లేదు. షిఫ్టు మాత్రం ఒకటి, స్థితి మాత్రం శుభ్రంగా 'లోపల'.

అది పుట్టిన రోజు సాయంత్రం, నేనింకా తుడవడం మొదలుపెట్టకముందే, లాంప్ రూం గుమాస్తా హనుమంతు ఫోన్ చేశాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నిదానంగా మాట్లాడతాడు.

"మేడం, మొదటి షిఫ్టు మొత్తం పైకొచ్చింది. బోర్డు మీద ఒకటని సూపిస్తుంది. షిఫ్టు చూసే సర్దార్ మూడుసార్లు పేర్లు పిలిచిండు, అందరు ఉన్నరు. రెండు గ్యాంగులు మల్ల కిందికి పోయినయి."

కింద ఎవరూ దొరకలేదు. నూట నలభై మంది రెండున్నర గంటలు బాయి మీద కూర్చున్నారు. మరునాడూ అంతే.

జబ్బేమిటో మూడో రోజుకు తెలిసింది. బాయి దగ్గరి మెషీన్‌కు లైన్ మాటిమాటికీ తెగిపోతుంది. నేను ఇక్కడ తుడిచేసిన కబురు దానికి చేరదు. లైన్ రాగానే అది మిగతావాటిని చూసి, పాపం వీటి దగ్గర ఒక వరుస పోయినట్టుందని తన కాపీని అందరికీ పంచిపెడుతుంది. పోనీ నేరుగా దాంట్లోనే తుడుద్దామంటే, వరుస పాడై ఉంది కనుక ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఒకటే దారి. అక్కడికి వెళ్ళి, ఆ మెషీన్ ఆపి, దాని కాపీ మొత్తం కడిగేసి, మిగతావాటి నుంచి కొత్తగా నింపుకోవాలి. ఆ సంస్థ దానికి వచ్చే వారం గురువారం అనుమతి ఇచ్చింది.

"గురువారం దాక రోజూ రెండు గంటలు జనాన్ని కూసోబెడుతరా?" అన్నాడు మా మేనేజర్ విద్యాధర్. "అక్కడ యూనియనోళ్ళు గరం మీదున్నరు. జ్యోతిరాణీ, మొదటి షిఫ్టు లెక్కల ఒకటి తీసేసి సూపియ్. గంతే."

వద్దని నేను గట్టిగా అని ఉంటే ఆయన వినేవాడే. నేను అనలేదు. పదకొండుసార్లు ఓడిపోయిన ఉక్రోషంలో ఉన్నాను. ఒక్క లైను రాశాను. వచ్చిన అంకెలోంచి ఒకటి తీసెయ్, సున్నా కంటే తక్కువైతే సున్నాయే చూపించు. ఐదు నిమిషాల పని. ఆ సాయంత్రం బోర్డు సున్నా చూపించింది, జనం టైముకు ఇళ్ళకు పోయారు. హనుమంతు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి బాపుకు గొప్పగా చెప్పాను. మా బాపు రాయమల్లు గోదావరి ఒడ్డు బాయిల్లో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"లెక్కలకెల్లి మనిషిని తీసేసినవా?"

"మనిషి కాదు బాపు. అక్కడ ఎవరూ లేరు. ఉత్త చెత్త."

"ఎవలు లేరని నీకెట్ల తెలుసు?"

"వెతికిండ్రు కదా."

"ఆ దినం దేవులాడిండ్రు. రేపు దేవులాడుతరా?"

నాకు ఒళ్ళు మండింది. అది వారం రోజుల ముచ్చటేనని, నీకు కంప్యూటర్ సంగతి తెలియదని అన్నాను. ఆయన కోప్పడలేదు. కంచం పక్కకు జరిపి ఒక కథ చెప్పాడు. ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పనిది.

అప్పుడు ఆయనకు ఇరవై రెండు. ఆ రోజుల్లో కార్డులు లేవు, ఇత్తడి బిళ్ళలు. పైకొచ్చినవాడు తన బిళ్ళను లాంప్ రూం మేకుకు తగిలించాలి. బాపు ఆ రోజు వేములవాడ పోయే తొందరలో బిళ్ళను జేబులో వేసుకునే బస్సెక్కాడు. మేకు ఖాళీగా ఉంది. సగంమంది కిందికి దిగి వెతికారు, సగంమంది పైన కూర్చున్నారు. చివరికి ఇంటి దగ్గర మా అవ్వ చెబితే ఇద్దరు బయలుదేరి వేములవాడ వచ్చారు. గుడి ముందు కొబ్బరికాయ బేరమాడుతున్న బాపును చూసి ఒకడు చెంప పగలగొట్టాడు. కొట్టినవాడే పట్టుకుని ఏడ్చాడట.

"నన్ను తోలుకపోయేసరికి పొద్దుగూకి ఎంతసేపాయెనో. అందరు గట్లనే కూసోని ఉన్నరు బిడ్డా. ఒక్కడు ఇంటికి పోలే, ఒక్కడు తిట్టలే. నేను బిళ్ళ తగిలిచ్చినంక లేసి పోయిండ్రు." కంచం వంక చూస్తూ అన్నాడు, "నీ బోర్డు వాళ్ళను కూసోనియ్యది గద."

గురువారం దాకే కదా బాపు అన్నాను. ఆయన మళ్ళీ అన్నం ముట్టలేదు.

గురువారం పొద్దున్నే రెండో బాయి చేరాను. హనుమంతు టీ తెప్పించాడు. మెషీన్ ఆపి, కాపీ కడిగి, నింపడం మొదలుపెట్టాను. నింపుతున్నంతసేపు కార్డులు కరీంనగర్ మెషీన్లకే పోతుంటాయి కనుక బాయి పని ఆగదు. ఒంటిగంటకు పూర్తయింది. ఆ వరుస కోసం తొమ్మిది మెషీన్లలో వెతికాను. లేదు. అరగంట ఆగి చూశాను. రాలేదు. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేయాలనిపించింది.

"పోయిందన్నా ఇగ. పీడ వదిలింది," అన్నాను.

"మంచిది మేడం. ఆ ఒకటి లెక్క మల్ల పరేషాన్ చెయ్యది కదా?"

"చెయ్యది."

ఇక మిగిలింది ఆ ఒక్క లైను. అది తీసేయడానికి ఆఫీసు మెషీన్‌లోకి వెళ్ళాలి. అక్కడినుంచి కూడా వెళ్ళవచ్చు, కానీ లైన్ నెమ్మదిగా ఉంది, పావుగంట పడుతుంది. ఒకటీ ముప్పావు బస్సు తప్పితే మళ్ళీ నాలుగింటికే. సాయంత్రం ఆఫీసుకు పోయి తీసేద్దాంలే అనుకున్నాను. ఆ అనుకోవడం ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నానో లెక్కలేదు. దాని వెనక ఏ పెద్ద కారణమూ లేదు. బస్సు, అంతే.

బస్సు పెద్దపల్లి దాటాక బాపు ఫోన్ చేశాడు. నాలుగున్నర అయింది.

"అయిందా పని?"

"అయింది బాపు. అది పోయింది."

"మరి నువ్వు తీసేసే ఒకటి? అది గూడ ఆపినవా?"

నేను ఆపలేదు. చెత్త వరుస ఉన్నంతకాలం తీసేసిన ఆ ఒకటి చెత్తే. ఇప్పుడు చెత్త లేదు. ఇప్పుడు తీసేసే ఒకటి ఎవరిదైనా మనిషిదే. మొదటి షిఫ్టు మూడింటికి వదిలి ఉంటుంది.

బస్సులోనే ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాను. ఫోన్ నుంచి నెట్ తీసుకుని, బోర్డు అంకె వదిలేసి అసలు వరుసలు చూశాను. మొదటి షిఫ్టు, లోపల: ఒకరు. ఈసారి పేరు స్పష్టంగా ఉంది. పరశురాములు. పాత తవ్వకాల్లో నీళ్ళు తోడే పంపు మనిషి. దిగింది ఉదయం ఆరూ నలభైకి.

హనుమంతుకు ఫోన్ చేశాను. "అన్నా, పరశురాములు పైకి రాలే. లోపలనే ఉన్నడు."

"లేదు మేడం, సున్న వచ్చింది కదా. అందరు పోయిండ్రు." అంతలోనే గొంతు మారింది. "దీపాల పెట్టెల ఒక జాగ ఖాళీగున్నది. రిపేరుకు పోయిందనుకున్న. బోర్డు సున్న ఉండె కదా మేడం, సున్న ఉండె..."

పరశురాములు పాత తవ్వకాల్లో ఒంటరిగా పనిచేస్తాడు. ఆ పంపు మొదటి షిఫ్టులోనే నడుస్తుంది, తర్వాత అటు ఎవరూ పోరు. రెండు గంటల ప్రాంతంలో పైకప్పు బండ జారి అతని ఎడమ కాలి మీద పడింది. మూడున్నరకే దొరకవలసిన మనిషి ఐదుంబావుకు దొరికాడు. కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చారు. కాలు మోకాలి కింద తీసేశారు. గంటా ముప్పావు ముందు తెచ్చి ఉంటే కాలు నిలిచేదా అని డాక్టరును అడిగాను. నిలిచేదేమో అన్నాడు. ఆ 'ఏమో' నా ముఖం చూసి చేర్చిందే.

నాలుగో రోజు బాపును వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. అప్పటికే ఆఫీసులో జరిగిందంతా రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. విద్యాధర్ తన పేరు కూడా రాయమన్నాడు, రాశాను. దానితో నా గుండె బరువు ఏమీ తగ్గలేదు.

పరశురాములుకు నలభై ఉంటాయి. మంచం పక్కన అతని భార్య కిష్టవ్వ బత్తాయి వలుస్తోంది. నేను ఎవరో చెప్పాను. ఏం చేశానో కూడా చెప్పాను, మెత్తగా కాకుండా. బోర్డు మీద సున్నా నా వల్లే పడిందని, బస్సు తప్పుతుందని ఆ లైను ఆపకుండా వచ్చేశానని. కిష్టవ్వ సగం వలిచిన బత్తాయి పక్కన పెట్టింది. నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు, భర్త వంక చూసింది.

అతను నన్ను కాదు, బాపును చూస్తూ మాట్లాడాడు. బాయి మనిషిని బాయి మనిషి గుర్తుపడతాడేమో.

"బొగ్గు టబ్బుల సప్పుడు ఆగింది, కాకా. షిఫ్టు ఇడిసిండ్రని సమజైంది. ఇగ ఫికర్ లేదనుకున్న. లెక్క చూస్తరు, నేను తక్కువైత, వస్తరు. అందుకే అరవలే. అరిస్తె దమ్ము పోతదని నోరు మూసుకొని పండుకున్న. పైన నూట నలభై మంది నా కోసం కూసోని ఉన్నరు గదా అని ధైర్యంగున్న."

బాపు తల వంచుకున్నాడు.

పరశురాములు అప్పుడు నావైపు తిరిగాడు. అతనికి నా సున్నా సంగతి ఇంకా పూర్తిగా ఎక్కినట్టు లేదు. లేక ఎక్కినా, నా నోట వినాలనుకున్నాడో.

"ఎంతసేపు కూసున్నరు బిడ్డా, మావోళ్ళు?"

చెప్పక తప్పలేదు.

"ఎవరూ కూసోలేదన్నా."