పద్దెనిమిది నిమిషాలు

"పాఠం చెప్పేవాళ్ళు కూడా మళ్ళీ చదువుకోవాలా అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు, నేను ఇస్త్రీ చేస్తూ బల్ల అంచున తెరిచి పెట్టుకున్న నోట్సు చూసి. ఎత్తిపొడుపు కాదు, ఆవిడకి నిజంగానే ఆశ్చర్యం. మా ఆయన మాత్రం నవ్వారు. "నాలుగేళ్ళుగా చదువుతూనే ఉందిగా, మానలేకపోతోంది" అన్నారు. నా చేతిలో ఉన్నది ఆయన చొక్కాయే. కాలర్ మీద పెట్టె ఇంకాస్త గట్టిగా నొక్కాను.

పీహెచ్‌డీ చేస్తూ మూడేళ్ళు మా గైడు గారి క్లాసు పేపర్లు దిద్దాను. ఈ టర్ములో మొదటిసారి ఒక కోర్సు మొత్తం నాకు వదిలేశారు. ఇంటిపని చరిత్ర. ఏం చెప్పాలో, ఎవరికెన్ని మార్కులో అంతా నేనే. హాజరు పట్టీ మీద పేరూ సంతకమూ మాత్రం ఆయనవే. వండేది ఒకరు, మెప్పు ఇంకొకరికి. ఇంట్లో అలవాటైన సంగతే కనక పెద్దగా బాధపడలేదు.

"చూడమ్మా, నువ్వు మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు. గట్టిగా నడిపావో, వచ్చే టర్మూ నీకే" అన్నారు గైడు. ఆ కోర్సు కోసం నేనేమైనా చేసేదాన్ని. అందుకే ప్రాజెక్టుకి శుక్రవారం ఐదు గంటలు గడువు పెట్టి, ఒక్క నిమిషం దాటినా సున్నా అన్నాను.

మూడో బెంచీలో ఒకమ్మాయి కూర్చునేది. సంచిలో పుస్తకాల పక్కన పాలసీసా ఉండేది. ఆమె అడిగే ప్రశ్నలకి భయపడే నేను ఇస్త్రీ బల్ల దగ్గర కూడా చదువుకునేదాన్ని. ఆమె ప్రాజెక్టు ఐదు దాటి పద్దెనిమిది నిమిషాలకి వచ్చింది. "మేడమ్, పాపకి జ్వరం. ఒళ్ళోంచి దిగనంది. ఒంటిచేత్తో టైపు చేశాను. ఈ ఒక్కసారికి చూడండి" అని రాసింది.

"ఇంటి సంగతులు ఇంటిదగ్గరే వదిలి రావాలి" అని జవాబిచ్చి సున్నా వేశాను. ఇంటిపని చరిత్ర చెబుతున్న మహాతల్లిని! పైగా, గట్టిదాన్నేనని ఆ సాయంత్రమంతా నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ మాట నాది కాదని మర్నాటికిగాని తట్టలేదు. మా చిన్నాడికి ఆటలమ్మ పోసి, దిద్దిన పేపర్లు ఒక రోజు ఆలస్యంగా ఇచ్చినప్పుడు గైడు నాతో అన్నదే. ఆ రోజు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయన్ని ఏమీ అనలేకపోయాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

సోమవారం ఆమె రాలేదు. పై వారమూ రాలేదు. పక్కన కూర్చునే పిల్లని అడిగాను.

"మానేసింది మేడమ్. ఇంట్లో మొదట్నుంచీ వద్దంటున్నారట. సున్నా చూసి, 'చూశావా, నీవల్ల కాదని చెప్పాంగా' అన్నారట."

అప్పుడు తెరిచాను ఆమె ప్రాజెక్టు. తన వీధిలో పన్నెండు మంది ఆడవాళ్ళు పొద్దున లేచింది మొదలు ఏ పనికెంతసేపు నిలబడ్డారో వాళ్ళ పక్కనే ఉండి రాసుకొచ్చింది. నేను నాలుగేళ్ళలో రాయలేని పేజీలున్నాయి అందులో. మొదటి పేజీలో 'కోర్సు చెప్పినవారు' అన్నచోట మిగతా అందరూ పట్టీ చూసి గైడు పేరు రాశారు. ఆమె ఒక్కతే నా పేరు రాసింది.

మార్కులు మార్చే ఫారం తీసుకుని గైడు దగ్గరికి వెళ్ళాను.

"కంప్యూటర్ పొరపాటని రాసెయ్. నీ తప్పని రాస్తే కమిటీ నీకు ఇంకో కోర్సు ఇవ్వదు" అన్నారు.

ఇంట్లో చెబితే మా ఆయన, "పోనీలే, కోర్సు లేకపోతే నీకూ కాస్త తీరిక" అన్నారు. ఆ తీరికలో నేనేం చేస్తానో మా ఇద్దరికీ తెలుసు.

ఫారం నకలు విద్యార్థి ఇంటికి వెళుతుంది. తప్పు ఎవరిదో ఆ ఇంట్లోవాళ్ళు చదవాలి. చదివినా ఆమెని పంపుతారని నమ్మకం లేదు. కారణం అన్నచోట 'కోర్సు చెప్పినవారి తప్పు' అని రాశాను. కింద అచ్చయి ఉన్న గైడు పేరు కొట్టేసి, నా పేరు రాసి సంతకం పెట్టాను.

ఆ కోర్సు మొత్తంలో నా సంతకం ఉన్న కాగితం అదొక్కటే.