బావమరిది హెవీ మెటల్ గంట

మా బావమరిది గొంతుకు ఆపరేషన్ జరిగిన మూడో రోజున నేను హెవీ మెటల్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. లిఫ్టులు బాగుచేయడం నా ఉద్యోగం. సంగీతం గురించి నాకు తెలిసింది ప్రార్థనలో అందరితో కలిసి గొంతు కలపడం వరకే.

బావమరిది ఈతకొలను దగ్గర కోచ్. ఇరవై ఏళ్లుగా ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు దగ్గరున్న పిల్లలకు వినబడేలా కేకలు వేసీ వేసీ స్వరపేటిక మీద చిన్న చిన్న కాయలు లేచాయి. డాక్టరు గారు వాటిని తీసేసి, మూడు వారాలు నోరు విప్పవద్దన్నారు. గుసగుసలు కూడా పనికిరావట. మా ఆవిడ మాత్రం తమ్ముడి గొంతు పాడవడానికి వాడు వినే ఆ హెవీ మెటల్ పాటలే కారణమని తీర్మానించింది. పోతే పాడేవాడి గొంతు పోవాలి గానీ వినేవాడిది ఎలా పోతుందని అడిగాను. వాడు స్నానాల గదిలో పాడతాడని, ఆ సంగతి నాకు తెలియదని, తెలియని విషయాల్లో తలదూర్చవద్దని చెప్పింది.

మా ఊళ్లో లైబ్రరీ పై అంతస్తులో ఒక చిన్న రేడియో స్టేషన్ ఉంది. అక్కడ జీతగాళ్లెవరూ లేరు, ఇష్టమున్నవాళ్లు వచ్చి తలో గంట నడుపుతారు. పన్నెండేళ్లుగా ఉదయం ఆరింటికి పది నిమిషాలు ప్రార్థన చదివేది నేను. శనివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు హెవీ మెటల్ వినిపించేది బావమరిది. ఇద్దరం కూర్చునేది ఒకే కుర్చీలో, మాట్లాడేది ఒకే మైకులో. అయినా ఆయన ఆరింటికి లేచింది లేదు, నేను శనివారం నాలుగింటికి రేడియో పెట్టింది లేదు. అలా తొమ్మిదేళ్లు సఖ్యంగా గడిపేశాం.

ఆసుపత్రికి చూడటానికి వచ్చిన స్టేషన్ మేనేజరమ్మ, పళ్ల సంచీ బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అసలు విషయం చెప్పారు. వరసగా రెండు వారాలు మైకు దగ్గర మనిషి లేకపోతే ఆ గంట వేరేవాళ్లకు ఇచ్చేయాలన్నది అక్కడి నియమం. ఇంట్లో మొక్కలు పెంచడం గురించి చెబుతామని ఇద్దరు ఏడాదిగా కాచుకుని ఉన్నారు. ఉత్తినే పాటలు వేసి ఊరుకుంటే కుదరదు, ఎవరో ఒకరు మాట్లాడాలి. పైగా ఆ యంత్రాలు నడపడం నేర్చుకున్నవాళ్లే కూర్చోవాలి. అలాంటివాళ్లం ఊళ్లో అంతా కలిపి పదకొండు మందిమి. శనివారం సాయంత్రం ఖాళీగా ఉండేవాణ్ని నేనొక్కణ్నే.

బావమరిది చేతిలో ఒక చిన్న తెల్లబోర్డు ఉంది. దాని మీద రాసి నా వైపు తిప్పాడు. "బావా, మీరే."

ఆయనకు పిల్లల్లేరు. ఇంట్లో ముందుగది నిండా రికార్డులే. తొమ్మిదేళ్లలో ఒక్క శనివారం మానలేదు, జ్వరంతో కూడా వెళ్లాడు. నేను ఆ బోర్డు వంక చూసి సరేనన్నాను. మేనేజరమ్మ నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశారు.

మర్నాటి నుంచి పని అయ్యాక వాళ్లింటికి పాఠానికి వెళ్లేవాణ్ని. ప్రపంచంలోకెల్లా పెద్ద చప్పుడు చేసే సంగీతాన్ని నాకు నేర్పిన గురువు నోరు మెదపకూడని మనిషి. ఆయన పాట పెట్టేవాడు, నేను చేతులు కట్టుకుని వినేవాణ్ని, ఆయన బోర్డు మీద రాసేవాడు, చొక్కా చేతితో తుడిచేవాడు, మళ్లీ రాసేవాడు. వారానికల్లా ఆ చొక్కా చేయి నల్లగా తయారైంది.

ముందుగా మామూలు హెవీ మెటల్ వినిపించాడు. ఆ గిటారుకు ఏదో జబ్బు చేసిందేమోనని అన్నాను. శబ్దం అంచులు చిరిగేదాకా కావాలనే పెంచుతారని, దాని కింద బరువుగా మోగేది లావు తీగల బేస్ అని రాశాడు. తర్వాత థ్రాష్ అనే వేగమైన శాఖ. వేళ్లతో బల్ల మీద టకటకా కొట్టి, అంత వేగంలోనూ ఒక్క దెబ్బ తప్పదు చూడమన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. అది మాత్రం నాకు కొంచెం తెలిసింది. మోటారు ఎంత వేగంగా తిరిగినా చప్పుడు సమంగా ఉంటే భయం లేదు, మెల్లగా తిరుగుతున్నా ఒక్క చోట తడబడితే మూత విప్పి చూడాల్సిందే. ఆ మాట చెబితే ఆయన మొహం వెలిగింది. బోర్డు మీద "పాస్" అని రాశాడు.

డెత్ మెటల్‌లో పాడేవాడు కడుపులోంచి గర్జించాడు. వీడికి మీ డాక్టరు అడ్రసు ఇవ్వకూడదా అన్నాను. అది గొంతు చించుకోవడం కాదట, ఊపిరి పట్టి చేసే విద్యట, చేతనైనవాళ్లకు ఏమీ కాదట. "నా గొంతు పోయింది పిల్లల వల్ల, పాటల వల్ల కాదు. అక్కకు చెప్పండి" అని కూడా రాశాడు. చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

మొదటి శనివారం ఆయన నాలుగు కాగితాల నిండా రాసిచ్చిన దాన్ని చదివాను. పన్నెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? "ఇప్పుడు డెత్ మెటల్ అనే శాఖను శ్రద్ధగా ఆలకిద్దాం" అన్నాను, ప్రార్థన చదివే గొంతుతోనే. ఒకే ఒక్కరు ఫోన్ చేశారు. కోచ్ గారింట్లో ఎవరైనా పోయారా అని అడిగారు.

వాళ్లింటికి వెళ్లేసరికి బావమరిది కోపంగా ఉన్నాడు. ఫోన్ సంగతికి కాదు. "అద్భుతం అన్న మాట ఆరు చోట్ల రాశాను. ఒక్కటీ చదవలేదు" అని బోర్డు చూపించాడు.

నిజమే, కావాలనే వదిలేశాను. ఉదయం దేవుడి మాట పలికే మైకు అది. అందులో అబద్ధం చెప్పకూడదని మొదటి రోజే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి అదేమంత గొప్ప సంగతీ కాదు.

"నాకు అనిపించని మాట ఆ మైకులో అనలేనురా" అన్నాను.

ఆయన చాలాసేపు మార్కరు మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. చివరికి రాశాడు. "అయితే అనిపించిందే అనండి. ఏదీ అనిపించకపోతే ఆ మాటే చెప్పండి."

రెండో శనివారం కాగితాలు తీసుకెళ్లలేదు. ఉదయం ఆరింటికి చదివేవాణ్ని నేనేనని, ఈ సంగీతం నాకు కొత్తని, ప్రతి పాటా నాలుగేసి సార్లు విని వచ్చానని ముందే చెప్పేశాను. పవర్ మెటల్ వినిపించి, ఇది కడుపునిండా భోంచేసి యుద్ధానికి బయల్దేరినవాళ్ల పాటలా ఉందని, నాకు నవ్వొచ్చిందని, నవ్వుతూనే నాలుగోసారి కూడా విన్నానని చెప్పాను. తర్వాత డూమ్ మెటల్. పన్నెండు నిమిషాల పాట. నిండా బరువెక్కించిన సామాన్ల లిఫ్టు ఒక్కో అంతస్తూ ఎక్కుతున్నట్టు నడుస్తుంది.

"ఎవరైనా దుఃఖంలో ఉంటే మనం ఊరుకో ఊరుకో అని తొందరపెడతాం" అన్నాను. "ఈ పాట ఎవర్నీ తొందరపెట్టలేదు. అది నాకు నచ్చింది."

ఏడు ఫోన్లు వచ్చాయి. ఒకాయన పొద్దున ప్రార్థన తప్ప రేడియో వినని పెద్దమనిషి. నా గొంతు విని పొరపాటున ప్రార్థన సమయం మార్చారేమో అనుకున్నారట. తీరా మొదలుపెట్టాక కట్టేయలేకపోయారట. వచ్చే వారం ఏ శాఖ అని అడిగి పెట్టేశారు. మేనేజరమ్మ ఆ ఏడింటినీ పుస్తకంలో రాసుకుని, బదులు మనిషి నడిపే గంటను ఉంచాలా వద్దా అన్నది స్టేషన్ కమిటీ తేలుస్తుందని, మూడో వారం కూడా ఇలాగే జరిగితే మొక్కలవాళ్లకు వేరే వేళ చూస్తానన్నారు.

మూడో వారానికి మిగిలింది బ్లాక్ మెటల్. దాని దగ్గరే చిక్కొచ్చింది.

సన్నని గిటారు, దుమ్ము గాలిలా ఆగకుండా రేగే మోత, ఎవరో కొండ చివర నిలబడి కీచుమంటున్నట్టు గొంతు. అది భరించాను. రికార్డు అట్ట లోపల అచ్చేసిన పాట మాటలు చదివాకే ఆగిపోయాను. ఎనిమిది నిమిషాలూ దేవుణ్ని నిలదీయడమే. ఎక్కడున్నావు, ఏం చూస్తున్నావు, నీకు చెవులున్నాయా అని. అట్ట మూసి బల్ల మీద పెట్టాను. ఇది నా వల్ల కాదన్నాను. మిగతా శాఖల్లోంచి మంచివి నాలుగు ఏరి వేస్తానన్నాను.

బావమరిది ఆవేశంగా నోరు తెరిచాడు. ఇంకొక్క క్షణమైతే మాట బయటికి వచ్చేదే. నేను గభాలున లేచి అరచెయ్యి ఆయన నోటికి అడ్డంపెట్టాను. ఇద్దరం అలాగే నిలబడిపోయాం. ఆయన ఊపిరి నా చేతికి వేడిగా తగులుతోంది. తర్వాత నెమ్మదిగా నా చెయ్యి పక్కకు తీసి బోర్డు అందుకున్నాడు.

"ఇది వదిలేసి మెటల్ అంటే ఇంతే అని చెబితే, అది అబద్ధం బావా."

నేను చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ ఏమైందని అడిగితే చెప్పాను. తమ్ముణ్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అమ్మ పోయినప్పుడు నేనూ అలాగే అడిగాను కదండీ దేవుణ్ని" అంది, బట్టలు మడతపెడుతూనే. "మీరు పక్కనే ఉన్నారు. నన్ను ఆపలేదు."

ఆ వారమంతా పొద్దున ప్రార్థన అయ్యాక ఇంకాసేపు కూర్చుని దేవుణ్ని అడిగాను, వేయమంటావా వద్దంటావా అని. జవాబు రాలేదు. కోప్పడినట్టు కూడా అనిపించలేదు.

శనివారం మైకు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ పాట వేయకూడదని ముందు అనుకున్నానని, దేవుణ్ని నమ్మేవాళ్లకు ఇది గుచ్చుకుంటుందని, నాకూ గుచ్చుకుందని, వద్దనుకున్నవాళ్లు ఎనిమిది నిమిషాలు రేడియో కట్టేసి మళ్లీ రావచ్చని. చివరగా నన్ను తొలుస్తున్న ప్రశ్న కూడా అనేశాను.

"ఎవరూ లేని ఇంటి ముందు నిలబడి ఎనిమిది నిమిషాలు తలుపు బాదేవాళ్లుంటారా? నాకు తెలియదు. విని మీరే చెప్పండి."

ఇరవై మూడు ఫోన్లు. తొమ్మిది మంది తిట్టారు. ఒకావిడ థాంక్స్ అని మాత్రం చెప్పి పెట్టేశారు. పొద్దున ప్రార్థన వినే పెద్దమనిషి తాను కట్టేశానని, తొమ్మిదో నిమిషానికి మళ్లీ పెట్టానని చెప్పారు.

సోమవారం మేనేజరమ్మ స్టేషన్‌కు రమ్మని కబురు చేశారు. గంట నిలబడింది. నేను మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకునేలోపే రెండో మాట అన్నారు. కమిటీవాళ్లు నన్నే కొనసాగమంటున్నారట. కోచ్ గారు మెటల్ తెలిసినవాళ్లకే చెప్పేవారు, మీరు తెలియనివాళ్లను కూడా కూర్చోబెట్టారు అన్నారు. పొగడ్త చెవికి తియ్యగానే ఉంటుంది, కాదనను. లిఫ్టులో కిందికి దిగేదాకా ఉంది ఆ తీపి. గేటు దగ్గరికి వచ్చేసరికి ఇది ఎవరి గంటన్నది గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే బావమరిదికి మాట్లాడటానికి అనుమతి దొరికింది, రోజుకు పది నిమిషాలు. నేను వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన బోర్డు కోసం చెయ్యి చాపి, అవసరం లేదని గుర్తొచ్చి ఆగాడు.

"మీరే చేయండి బావా" అన్నాడు. మూడు వారాల తర్వాత విన్న మొదటి మాట. గొంతు గరుగ్గా, సన్నగా, మధ్యలో గాలి పోతున్నట్టు ఉంది. ఆ గొంతు ఆయనకే కొత్త, మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఈ గొంతేసుకుని మైకు ముందు కూర్చోలేను. నవ్వుతారు."

ఇంతగా గొంతులు చించుకునే సంగీతం వినేవాళ్లు నీ గరుకు గొంతుకు నవ్వుతారా అని వేళాకోళం చేశాను. నవ్వలేదు.

"చూడు, నాకు చేతనైంది అడగడమే" అన్నాను. "అడిగినదానికి చెప్పడానికి నువ్వు లేకపోతే నేను అక్కడ కూర్చుని ఏం చేయను? నీ పది నిమిషాలు అక్కడ ఖర్చుపెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే శనివారం మూడున్నరకు చెప్పులేసుకున్నాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. పొదుపు చేస్తున్నాడో భయపడుతున్నాడో నేను అడగలేదు. రెండో కుర్చీ వేసి, అతిథులకని ఉంచిన రెండో మైకు ఆయన ముందుకు జరిపాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి పాట అయింది. నేను వినేవాళ్లతో కోచ్ గారు వచ్చారని చెప్పి, పాట మొదట్లో ఒక గిటారు బరువుగా మూలుగుతుంది కదా, దాన్ని అంత కిందికి ఎలా దించారని అడిగాను. అడిగి, రెండో మైకు తెరిచాను.

ఆయన మాట్లాడలేదు. మూడు సెకన్లు. అయిదు. రేడియోలో అంత ఖాళీ వస్తే వినేవాళ్లు కరెంటు పోయిందనుకుంటారు. అద్దానికి అవతల మేనేజరమ్మ లేచి నిలబడ్డారు. ఏదో ఒకటి మాట్లాడేయమని నా నాలుక తొందరపడింది. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను.

బావమరిది మొహంలో చిరాకు మొదలైంది. ఈతకొలను గట్టు మీద, పిల్లలు చెయ్యి తప్పు వేసినప్పుడు కనబడే చిరాకు. మైకు మీదికి వంగాడు.

"అది గిటారు కాదు బావా, బేస్" అన్నాడు, ఆ గరుకు గొంతుతోనే. "మూడు వారాలు నేర్పాను. ఇంతేనా మీరు నేర్చుకుంది?"

నేను కాగితం తీసి రాసుకున్నాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు.