చలిలో ఉన్న పిల్లలు

పుల్లను నైట్రోజన్ డబ్బాలో అడుగంటా దించి, ప్రేమల ఇరవై దాకా లెక్కపెట్టింది. ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. లేకపోతే పుల్ల డబ్బా మెడకు టకటకా కొట్టుకుంటుంది. బయటికి తీసి గాలిలో రెండుసార్లు ఆడించగానే పుల్ల మీద తెల్లటి మంచు పేరుకుంది. స్కేలు పెట్టి మంచు ఎంతమేర ఉందో కొలిచింది. తొమ్మిది అంగుళాల మేర నైట్రోజన్ ఉంది. గోడకున్న కాగితం మీద తొమ్మిది వేస్తే అంకె తోక పక్కగడిలోకి జారింది.

"ఇయ్యాల్నే బిడ్డా," అంది డబ్బా మీదికి వంగి. "బయటికొచ్చే రోజు."

ఆ డబ్బాలో పిల్లలున్నారని ప్రేమల లెక్క. డాక్టరు మాధురి వాటిని పిండాలంటుంది. ల్యాబు చూసే వైశాలి నంబర్లతో పిలుస్తుంది. పిల్లలు కలగని జంటలకు గాజుపళ్ళెంలో పిండాలు తయారుచేసి, ఒకటి తల్లి కడుపులో పెట్టి, మిగిలినవాటిని గడ్డకట్టించి ఆ డబ్బాలో దాస్తారు. కంటికి ఆనని నలుసులు. బాన్సువాడలో బోధన్ రోడ్డు మీద, మందుల దుకాణం పైఅంతస్తులో ఉంది ఈ సంతాన కేంద్రం. పదకొండేళ్ళుగా ఇక్కడ ఊడవడం, తుడవడం, దుప్పట్లు మార్చడం ప్రేమల పని. డబ్బాలో నైట్రోజన్ తగ్గకుండా చూసే పని మాత్రం ఆమె అడిగి మరీ తీసుకుంది.

ఈ రోజుతో అదీ అయిపోతుంది. రెండేళ్ళుగా చెయ్యి వణుకుతోంది. పోయిన నెల నైట్రోజన్ ఒలికి నేలంతా పొగలు లేచాక, ఇక ఇంటిపట్టున ఉండమని మాధురి మెల్లగా చెప్పింది.

ఒకప్పుడు అవే వేళ్ళు పిట్లంలో రోజుకు వెయ్యి బీడీలు చుట్టేవి. ఆకు ఎప్పుడు మడిచిందో, దారం ఎప్పుడు చుట్టిందో పక్కన కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. పెళ్ళయిన మూడో ఏడు, ఐదో నెలలో కడుపు పోయింది. అత్త పాతచీర పేలికలో చుట్టి తీసుకుపోయింది. చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించమని ప్రేమల మంచంలోంచే అడిగింది. పేరు పెట్టనిదానికి ప్రార్థన ఏందన్నారు సంఘపెద్దలు. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, పెరిగారు, ఎవరి సంసారాలు వాళ్ళవయ్యాయి. భర్త పోయాడు. ఇప్పటికీ ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే ఆమె నోటికి ముందు ముగ్గురనే వస్తుంది. తర్వాత సర్దుకుంటుంది.

ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో ఆమె చీటీ ఒకటి ఉంటుంది. చలిలో ఉన్న పిల్లల కోసం. అయ్యగారు చదువుతారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఒక క్రిస్మస్ ముందు స్త్రీల సమాజం వాళ్ళు పద్నాలుగు రగ్గులు మూటకట్టి ఆమె ఇంటికి తెచ్చారు.

"ఏ హాస్టల్ పిల్లలక్కా? ఇన్నేండ్ల సంది సలికి వణుకుతుంటే గా వార్డెన్‌కు సిగ్గు లేదా?" అని మండిపడ్డారు.

ప్రేమలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రగ్గుల్ని బిచ్కుందలో హాస్టల్‌కు పంపింది. చీటీ మాత్రం మార్చలేదు.

ఈ రోజు బయటికి రావలసినవి సౌమ్యవి, రెండు. సౌమ్యది అదే సంఘం. పదేళ్ళ కిందట ఆమెకు మూడు పిండాలు తయారయ్యాయి. మూడింటినీ ముందు ఈ డబ్బాలోనే గడ్డకట్టించారు. ఒకటి సంజనగా పుట్టి నాలుగో తరగతి చదువుతోంది. పదేళ్ళు దాటితే ఉంచకూడదు గనక మూడు నెలల కిందట ఇంటికి కాగితం వెళ్ళింది. కడుపులో పెట్టించుకుంటారా, వదిలేస్తారా, హైదరాబాదుకు పరిశోధనకు ఇస్తారా? సౌమ్య భర్త బాలరాజ్ పరిశోధన అన్న గడిలో టిక్కు కొట్టి, భార్యను సంతకానికి వెంటబెట్టుకొచ్చాడు.

"వాటి కణాల నుంచి రేపు నరాల జబ్బులకు మందు దొరకొచ్చు," అంది మాధురి. "మన ప్రేమల చేతికి కూడా."

మాధురి ఉత్తమాట చెప్పే మనిషి కాదు. ఆమె తల్లి ఇదే వణుకుతో ఆరేళ్ళు మంచంలో తీసుకుని పోయింది.

"కణాలు తీస్తే వీటికేమైతది మేడం?" అని అడిగింది సౌమ్య.

"అక్కడితో ఆగిపోతాయి."

సౌమ్య పెన్ను పట్టుకునే, నేల తుడుస్తున్న ప్రేమల వైపు తిరిగింది. "నువ్వు చెప్పవ్వ. నీ చెయ్యి బాగైతదంటున్నరు."

ప్రేమల గుడ్డ పిండి బకెట్ అంచున వేసింది. "మందు రావాల్నని నేను గూడ మొక్కుతున్న బిడ్డా. ఎతుకుండ్రి, ఎవలొద్దన్నరు? నన్ను కోసి చూస్తమంటే సరే అంట. నాకు నోరుంది. గీళ్ళకు అవునంటానికి లేదు, కాదంటానికి లేదు. దేవుడిచ్చిన పానం నా చెయ్యి కోసమని ఎట్లడుగుదు? నీ సంజన గూడ గీ డబ్బలనే ఉండె గద."

"సాదేది మేమా, నువ్వా?" బాలరాజ్ గొంతు లేచింది.

"నేనేడ సాదుత కొడుకా. పదేండ్లు కాపలా ఉన్న, గంతే."

ఆ రోజు సంతకం కాలేదు. వారం తిరిగాక బాలరాజ్ ఒక్కడే వచ్చి, కడుపులో పెట్టించుకుంటామని కొత్త కాగితం అడిగాడు. పొద్దున సంజన బడిసంచి తగిలించుకుని సందు మలుపు తిరుగుతుంటే చూశాడట. "ఇగ చెయ్యి రాలే మేడం," అన్నాడు.

కానీ పదేళ్ళు గడ్డకట్టినవి కరిగాక బతుకుతాయని హామీ లేదు. ఇవి తప్ప సౌమ్యకు వేరే లేవు.

వైశాలి వచ్చింది. దెగ్లూర్ పిల్ల, తెలుగులో మరాఠీ కలుపుతుంది. "ప్రేమలక్కా, ఆఖరి రోజు మిఠాయి ఏది? నీ దేవునికి చెప్పినవా? నా మైక్రోస్కోప్‌కు నేను చెప్పిన."

"వాళ్ళిద్దరు మాట్లాడుకుంటరు తియ్యి. నువ్వు చేతులు కడుక్కో."

డబ్బాలోంచి ఏది తీసినా ఒకరు పేరు, నంబరు చదవాలి. రెండోవారు కళ్ళతో చూసి సాక్షి సంతకం చెయ్యాలి. నర్సు పిట్లం బస్సు తప్పిపోయి ఇంకా రాలేదు. పదకొండేళ్ళలో తొలిసారి ఆ పుస్తకం ప్రేమల ముందుకు వచ్చింది. ఆమె కళ్ళజోడు సర్దుకుని అక్షరం అక్షరం సరిచూసి, సంతకం చేసింది. వంకరగా వచ్చింది. వైశాలి దాన్ని చూసి, "కిరాక్ ఉంది," అంది.

వెచ్చటి మందునీళ్ళలో రెండు పిండాలూ ముడుచుకుపోయి ఉన్నాయి. రెండు గంటల్లో విచ్చుకోవాలి. పక్కగదిలో సౌమ్య కళ్ళు మూసుకుని పడుకుంది. బాలరాజ్ వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ మూడో టీ తాగుతున్నాడు. ప్రేమల కిటికీలు తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది.

పదిన్నరకు ల్యాబులోంచి కేక వినపడింది. "ఉఠలా! లేచింది అక్కా, లేచింది!"

తెర మీద, నీళ్ళలో నానిన ఎండుద్రాక్షలా ఒకటి నిండుగా ఉబ్బి, నెమ్మదిగా కదిలింది. ప్రేమల గుడ్డ చేతిలో పట్టుకునే గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వుకు బాలరాజ్ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"సూడు కొడుకా, సూడు. పదేండ్లు పండి లేస్తుంది. మీ సంజన గూడ ఇట్లనే లేసింది."

రెండోది ఇంకో గంట చూశారు. అది విచ్చుకోలేదు. నల్లబడింది. వైశాలి మైక్రోస్కోప్ లైటు తగ్గించి, "పోయిందక్కా," అని మాత్రం అంది.

ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వెయ్యాలి. అది నియమం, అది ప్రేమల పని. పళ్ళేన్ని రెండుచేతుల్లో తీసుకుని సింకు దగ్గర నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది. ఎవరూ పిలవని అయ్యగారి మాటలన్నీ తానే పలికింది. ఒక పేరు పెట్టింది. ఆ పేరు పైకి అనలేదు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, వాటిని పట్టి ఆపలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట చీరపేలికలో వెళ్ళినదానికి కూడా ఒక పేరు పెట్టింది. ఆమెన్ అన్నది వైశాలి. చర్చి మొహం చూడని పిల్ల, తల వంచుకుని అంది.

"ఒక్కరేనా అవ్వా?" పక్కగదిలో సౌమ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒక్కరు దేవుని కాడికి పోయిండ్రు. ఒక్కరు నీ కాడికి వస్తుండ్రు. ఏడ్వకు, కడుపు కదులుతది," అంటూ ప్రేమల ఆమె నుదురు తుడిచింది.

ఆపరేషన్ థియేటరులో మాధురి చేతిలోని సన్నని గొట్టం కదిలింది. స్కానింగు తెర మీద చీకట్లో తెల్లటి చుక్క ఒకటి మెరిసి, నిలిచింది. "లోపలికి చేరింది," అంది మాధురి. బాలరాజ్ రెండు చేతులూ పైకెత్తి పైకప్పు అదిరేలా "స్తోత్రం!" అని అరిచాడు. కింద మందుల దుకాణంవాళ్ళు ఏమైందని మెట్లెక్కి వచ్చారు.

మాధురి చేతులు కడుక్కుంటూ, "నువ్వే గెలిచావు ప్రేమలా," అంది.

"పోటీ ఏడిది మేడం? మీ అమ్మ బతికున్నప్పుడు ఆమె కోసం గూడ చీటీ ఏసిన. పెద్దోళ్ళ మూలుగల నుంచి గూడ గా కణాలు తీస్తరని మీరే చెప్పిండ్రు గద. నా మూలుగ తీస్కోండ్రి. కాగితం తెండ్రి, ఇప్పుడే సంతకం చేస్త."

"అరవై దాటినవాళ్ళది ఎవరికి కావాలి?" మాధురి నవ్వింది. నవ్వుతూనే తడిచేతులతో ఆమెను దగ్గరికి తీసుకుంది.

నడవొచ్చని చెప్పినా వినకుండా బాలరాజ్ భార్యను ఎత్తుకుని మెట్లు దిగాడు. "పడేస్తవు, సోయి లేదా!" అని సౌమ్య తిడుతూనే అతని మెడ పట్టుకుంది. వాళ్ళ ఆటో వెళ్ళేదాకా ప్రేమల కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత బకెట్ బోర్లించి, అప్రాన్ మడిచి, ఎవరికీ చెప్పకుండా కిందికి దిగింది. రోడ్డు మీద ఎండ గట్టిగా ఉంది. ఆమె కుడిచెయ్యిని దాచలేదు, పట్టుకోలేదు. దాని మానాన దాన్ని ఊగనిచ్చి, తల పైకెత్తి బస్టాండు వైపు నడిచింది.

సాయంత్రం తాళం వెయ్యడానికి వచ్చిన వైశాలికి థియేటరు గుమ్మం ముందు ఒక జత చెప్పులు కనపడ్డాయి. ఆ సంబరంలో సౌమ్య వదిలేసి వెళ్ళినవి, నీలంరంగు రబ్బరువి, ఎడమదాని పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంది. రెండింటినీ ఎవరో తుడిచి, ముక్కులు వీధివైపు తిప్పి పెట్టారు.