మేం ఉతికిన చొక్కా

ఆ మధ్యాహ్నం దుప్పట్ల గోదాములోంచి పిచ్చుక గోడ పట్టుకుని బయటికొచ్చింది. చీర మీద తొడుక్కునే పని చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది, కింద నెత్తుటి మరక. వెనకాలే మేస్త్రీ బెల్టు సవరించుకుంటూ వచ్చాడు. "ఏంటా చూపులు? పని కానివ్వండి" అన్నాడు. ఆ ఆస్పత్రి లాండ్రీలో పధ్నాలుగుమంది ఆడవాళ్ళం తలలు దించుకుని పని కానిచ్చాం. చెప్పుకోవడానికి సిగ్గుచేటే. అయినా చెబుతాను, వినండి.

పిచ్చుక అన్నది మేం పెట్టిన పేరు. ముప్పయ్యేళ్ళ మనిషి, మిషన్ల హోరును కూడా ఓడించే వాగుడు ఆమెది. ఆ రోజు పెదవి విప్పలేదు. మేస్త్రీ అటు వెళ్ళగానే, మా అందరిలోకీ వయసులో పెద్దదైన పెద్దక్క ఆమెకి స్నానం చేయించింది. మరక కనబడితే ఊరుకోని చేతులు మావి. నేను ఆ చొక్కాని చన్నీళ్ళలో నానబెట్టి, మరక వదిలేదాకా రుద్ది, చిరుగు కుట్టి, ఇస్త్రీ చేసి ఒళ్ళో పెట్టాను. "చూడవే, కొత్తదానిలా ఉంది" అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నదని అప్పటికి తెలీదు.

మర్నాడు పోలీస్ స్టేషన్లో ఆఫీసరు ఆ చొక్కా విప్పి చూసి నవ్వాడు.

"మడత నలగకుండా తెచ్చారే! సబ్బు వాసన తప్ప ఇందులో ఏముందమ్మా? సాక్ష్యం మీరే కడిగేసుకుని నా ప్రాణం తీస్తారేం?"

"మేమందరం చూశాం బాబూ" అంది పెద్దక్క.

"ఏం చూశారు? తలుపు తీసుకుని రావడం చూశారు. వెళ్ళండి, వెళ్ళండి."

కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు.

పిచ్చుక పెద్దక్క గదిలో మంచం పట్టింది. షిఫ్టు దిగినవాళ్ళు వంతులేసుకుని పక్కన కూర్చునేవాళ్ళు. నాకు మొహం చెల్లలేదు. తొమ్మిదో రోజు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"తిట్టవే నన్ను. చేతులారా నీ గొంతు కోశాను."

"చొక్కా గొడవ కాదక్కా" అంది గోడవైపు చూస్తూ. "లోపల అరిచాను. మిషన్లు ఆగలేదు. ఇప్పటికీ ఆ హోరే చెవుల్లో. మీకు వినపడలేదా?"

నా ఇస్త్రీ బల్ల గోదాము తలుపు పక్కనే. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"వినపడింది" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తొమ్మిది రోజుల్లో అదే మొదటి ఏడుపు.

ఆ సాయంత్రం అందరం ఆ గదిలోనే వాదులాడుకున్నాం.

"పని పోతే పిల్లల నోట్లో మట్టేనా?" అంది ఒకామె.

"రేపు ఆ గోదాములోకి నిన్ను పిలుస్తాడు. అప్పుడేం పెడతావు పిల్లలకి?" అంది పెద్దక్క.

అడిగినామె లేచొచ్చి పిచ్చుక మంచం మీద కూర్చుంది.

తెల్లారి షిఫ్టులో పెద్దక్క మెయిన్ స్విచ్ దించింది. మిషన్లన్నీ ఆగాయి. మేస్త్రీ బూతులు లంకించుకున్నాడు, ఎవరూ కదల్లేదు. మా ఫిర్యాదుకి కదలని పోలీసు బండి మేస్త్రీ ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చింది. అదే ఆఫీసరు.

"ఎవరు ఆపింది?"

"నేనే" అంది పెద్దక్క. ఆమె రెక్క పట్టుకున్నాడు.

"నేను ఆమె అరుపు విన్నాను. అది రాసుకోండి ముందు" అన్నాను. "నేనూ విన్నాను" అంది వెనకామె. తర్వాత ఇంకొకరు.

గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది, ఆ చొక్కాతోనే. ఎప్పుడొచ్చిందో! గొంతు బొంగురుపోయింది, అయినా చివరి బల్లదాకా వినపడింది.

"అరిచింది నేను. ఇప్పుడు వినపడుతోందా?"

ఆఫీసరు పెద్దక్కని బండెక్కించాడు. మేమూ వస్తామంటూ నలుగురు వెనకాలే ఎక్కారు, బండిలో అంతమందికే చోటుంది. మిగతావాళ్ళం పిచ్చుకని మధ్యలో పెట్టుకుని స్టేషన్ దాకా నడిచాం.