ఆటు నీళ్లు

ఆగండి. బందరు బస్టాండులో ఈ విజయవాడ బస్సు కదలడానికి ఇంకా టైముంది. అంకాలమ్మ సంగతి వినండి.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆమె పల్లె. మొన్న మొగలో ఏరిన గుల్లల కూర తిన్న ఆమె కొడుకు కోటికి పెదాలు తిమ్మిరెక్కాయి. నాలుక మొద్దుబారింది. ఆస్పత్రి చేరేలోపే ఊపిరాగిపోయింది. గుల్లలకి విషమెక్కించే నాచు నీళ్లలో పెరిగితే ముందే హెచ్చరించడానికి సర్కారు పరీక్షలు పెట్టింది. ఆ కాంట్రాక్టు జయంత్‌ది. మొగలోకి మురుగు వదిలే రొయ్యల చెరువులేమో అతని బావవి.

పరామర్శకని వచ్చిన జయంత్ కుర్చీలోంచి లేవకుండానే, "నీళ్లు క్లీన్ అని రిపోర్టొచ్చిందమ్మా. కుళ్లిన గుల్లలు వండుంటావు," అన్నాడు.

అంకాలమ్మకి ఏడుపు ఆగిపోయింది.

ఆ సాయంత్రం వలల పాకలో పల్లెంతా కూడింది. జయంత్ దగ్గర సీసాలు నింపే విజయవాడ పిల్ల ఫిర్దౌస్ కూడా వచ్చింది.

"ఏం నింపావమ్మా, మినరల్ వాటరా?" ఎవరో దెప్పారు.

"మొగ నీళ్లేనండీ. సూరయ్యగారి పడవలో, ఎప్పుడూ పోటు మీదే వెళ్లాం. ఆటుకి కూడా తీద్దామంటే, జీతం చేదైందా అన్నారు జయంత్ గారు."

అందరూ సూరయ్య వైపు తిరిగారు. కోటి తండ్రి అతనే. ఆటులో పడవ ఇసుకమేటకి తగులుతుందని, ఆ పల్లెలో ఎవరైనా చేసేదే చేశాడు, పోటుకే పడవ తీశాడు. పోటుకి శుభ్రమైన సముద్రం లోపలికొస్తుంది. చెరువుల మురుగు ఆటుకే బయటికొస్తుంది. ఆ నీళ్లు ఒక్కసారీ సీసాలోకి రాలేదు.

"పడవే చూసుకున్నానే," అన్నాడు సూరయ్య.

"ఆళ్లతో పెట్టుకుంటే రేపట్నించి ఆళ్ల ఫ్యాక్టరీ ఐసు రాదు," రత్తయ్య గొణిగాడు.

"ఐసు దేనికయ్యా? చేపలకా, పిల్లల శవాలకా?" అంది అంకాలమ్మ.

తెల్లారి ఆటు పట్టగానే ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి బురదలోకి దిగారు. మగవాళ్లు భుజాలు ఆనించారు. పడవని మేట మీదుగా అందరూ కలిసి నెట్టారు, రత్తయ్యతో సహా. ఫిర్దౌస్ సీసా ముంచితే తుప్పురంగు నీళ్లొచ్చాయి.

ఒడ్డున పోలీసులతో జయంత్ కాచుకుని ఉన్నాడు. ఎస్సై సీసా లాక్కుని ఇసుకలో ఒంపేశాడు. అంకాలమ్మనీ ఫిర్దౌస్‌నీ వ్యానెక్కించారు.

"ఒంపుకోండి బాబూ, మొగంతా ఒంపండి," అంది అంకాలమ్మ కిటికీలోంచి.

పల్లె మళ్లీ నీళ్లలోకి దిగింది. బిందెలు, చెంబులు, టిఫిన్ డబ్బాలు, దొరికినదల్లా ముంచింది. ఆ పరీక్షలు పెట్టిన విజయవాడ ఆఫీసులో బల్ల మీద పెట్టి, ఇవి క్లీనేనా అని అడుగుతారట.

అదిగో, వాళ్లే ఎక్కుతున్నారు. బిందెతో సూరయ్య మీ సీటు పక్కనే నిలబడ్డాడు. కంపు కొడుతోందని కండక్టరు దిగమంటున్నాడు. మీరేం చేస్తారు?